అడుగెత్తని నడక

లవీనియా మా ఊరొచ్చింది వరికోతలయ్యాక, జోలిబా నదిలో ఇసుకతిన్నెలు బయటపడ్డ రోజుల్లో.

మా ఆయన కుమాంజాన్ జెంబే డోలు వాయిస్తాడు. నన్ను చేసుకోకముందు ఒక నాట్యబృందంతో దేశాలు తిరిగాడు. అమెరికాలో కొన్నేళ్ళుండి అక్కడివాళ్ళకు డోలు నేర్పాడు. ఆయన వాయిస్తుంటే వారం వారం వచ్చి నాట్యం నేర్చుకున్న ఆడవాళ్ళలో లవీనియా ఒకామె. ఆమెది జార్జియాలో సముద్రం పక్కన ఒక దీవి. ఆసుపత్రిలో దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే పనిలో సగం జీవితం గడిపింది. ఆ పని మానగానే, నాట్యం పుట్టినచోటే నేర్చుకుంటానని బయలుదేరింది.

మేమంతా ఎవరో పడుచుపిల్ల వస్తుందనుకున్నాం. టాక్సీలోంచి నెరిసిన జుట్టుతో, మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా ఒక పెద్దావిడ దిగింది. మా వాకిట్లో నిలబడి చుట్టూ చూసింది. వంగి అరచేయి మట్టికి ఆనించింది. ఎంతసేపటికీ తియ్యలేదు. కోళ్ళు ఆమెను తప్పించుకుని అటూ ఇటూ తిరిగాయి.

"ఏం పడిపోయిందట?" అని అడిగింది మా వదిన దూసూ.

దూసూ మా ఆయన అక్క. చుట్టుపక్కల ఊళ్ళలో ఆమెలా ఎగిరి నాట్యం చేసేవాళ్ళు లేరు. ఏభై దాటినా పెళ్ళిపందిట్లో ఆమె గాలిలోకి లేచిందంటే, మళ్ళీ నేల మీదికి దిగేలోపు మా ఆయన రెండు దరువులు వేసేవాడు. నోరు కూడా అంతెత్తు లేచేది. లవీనియాకు నాట్యం నేర్పే పని ఆమె మీదే పడింది.

మొదట ఇంటిపేరు కావలసివచ్చింది. ఇంటిపేరు లేని మనిషిని పొద్దున్నే ఏమని పలకరిస్తాం? దూసూవాళ్ళు కోండేలు. మా పుట్టింటివాళ్ళం త్రావోరేలం. కోండేలూ త్రావోరేలూ ఒకరినొకరు ఎంత ఎగతాళి చేసుకున్నా కోపం తెచ్చుకోకూడదు. తాతముత్తాతల నాటి పద్ధతి అది.

"త్రావోరే అని పెట్టండి. నాకు తిట్టడానికి వీలుగా ఉంటుంది," అంది దూసూ.

అలా లవీనియా నాకు అక్క అయింది. నేను ఆమెకు నేర్పిన మొదటి వాక్యం "కోండేలు అలసందలు మెక్కుతారు" అని. మా దగ్గర అంతకంటే పెద్ద తిట్టు లేదు. మర్నాడు పొద్దున్నే దూసూ ఎదురుగా నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు ఆ మాట అనేసింది. నీళ్ళకు పోతున్నవాళ్ళు బిందెలు దించి నవ్వారు. దూసూ మాత్రం నవ్వలేదు. "నిన్న రాత్రి నా కుండ ఖాళీ చేసింది ఎవరనుకున్నాను, నువ్వేనా?" అంది.

ఇక పాఠాలు. లవీనియాకు అడుగులన్నీ తెలుసు. ఏ దరువుకి ఏ చెయ్యి లేవాలో, మెడ ఎప్పుడు విసరాలో ఒక్కటీ తప్పేది కాదు. కానీ చూస్తుంటే ఏదో పరాయిభాషలో చదువుతున్నట్టుండేది. పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెట్టుకునేది. దూసూ ఆమె నోటి మీద చెయ్యి పెట్టి, "లెక్కలు సంతలో. ఇక్కడ కాళ్ళు," అనేది. మోకాళ్ళు వాచిపోయేవి. రాత్రి నేను వాటికి షియా గింజల వెన్న రాసేదాన్ని. నొప్పి గురించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ళూ దీనికోసమే డబ్బు దాచానని మా ఆయనతో చెప్పిందట.

తర్వాత ఒక పెళ్ళిలో, ఊరంతా చూస్తుండగా, దూసూ ఆమెను పందిరి మధ్యకు తోసింది. లవీనియా ధైర్యంగా ఎగిరింది. దిగేటప్పుడు మోకాలు మడతపడి దుమ్ములో కూలబడిపోయింది. నవ్వులు. అవి చెడ్డ నవ్వులు కావు. మా దగ్గర పెళ్ళికొడుకు పడినా నవ్వుతాం. ఆమె కూడా నవ్వి దులుపుకుని లేచింది. కానీ మర్నాటి నుంచి పాఠానికి రాలేదు. మాతో కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచేది, రోట్లో బియ్యం దంచేది. "నా ఒంట్లో అది లేదు సరాన్," అంది నాతో, వచ్చిన నాలుగు మాటలూ కూడబలుక్కుని. "ఉందనుకుని వచ్చాను. లేదు."

ఆ మాట మా ఆయనకు చెబితే ఆయన చాలాసేపు డోలు తోలు రుద్దుతూ కూర్చున్నాడు.

ఆ కాయలు ఒలిచే రోజుల్లోనే ఒకసారి లవీనియా, దూసూని నీకెంతమంది పిల్లలని అడిగింది. మామూలు ప్రశ్నే. దూసూ చేట పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయింది. తర్వాత, మా ఆయన ఆమె భాషలోకి మారుస్తుంటే, నేనే చెప్పాను. పెద్దకొడుకు ఫదూబా ఎడారి దాటి, సముద్రం దాటి పని వెతుక్కుంటానని వెళ్ళాడు. పడవ ఎక్కుతుండగా మా పక్క ఊరి కుర్రాడొకడు చూశాడు. అంతే. పడవ అవతలికి చేరిందన్నవాళ్ళు లేరు, మునిగిందన్నవాళ్ళూ లేరు. ఎన్నో వానాకాలాలు వచ్చిపోయాయి. పోయాడని ఎవరూ అననందువల్ల అతని పేర ప్రార్థన జరగలేదు. ఉన్నాడని ఎవరూ అనలేనందువల్ల ఆ పేరే మా వాకిట్లో వినిపించడం మానేసింది. లవీనియా అంతా విని, పొట్టు చేతుల్లోంచి రాల్చుకుంటూ, "నాకు తెలిసుంటే అడిగేదాన్ని కాదు," అంది.

ఎండలు ముదిరాక ఒకరోజు మా ఆయన మేకతోళ్ళకని పట్నం వెళ్ళాడు. వెళ్ళినప్పుడల్లా లవీనియా తరఫున వాళ్ళ ఇంటికి ఫోన్ చేసి వచ్చేవాడు. ఆ రోజు తోళ్ళు లేకుండా తిరిగొచ్చాడు. మోపెడ్ గోడకు ఆనించి, నీళ్ళు కూడా తాగకుండా ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వదినా, ఐడెల్లా పోయిందట," అన్నాడు.

ఐడెల్లా ఆమె పెద్దక్క. తల్లి చిన్నప్పుడే పోతే లవీనియాను పెంచింది ఆమే. మా ఆయన ఫోన్ చేసేటప్పటికే పూడ్చడం కూడా అయిపోయింది. ఇక్కణ్ణుంచి విమానం ఎక్కినా చూడటానికేమీ లేదు.

లవీనియా ఏడవలేదు. గోడ పక్కన చాప మీద కూర్చుంది. అలాగే ఉండిపోయింది. మా పద్ధతి ప్రకారం ఊళ్ళో ఆడవాళ్ళంతా కోలా గింజలు పట్టుకుని వచ్చారు. కూర్చున్నారు. "ఆమె పడుకున్న చోటు దేవుడు చల్లగా ఉంచాలి," అని ఒక్కొక్కరే అన్నారు. మా ఆయన ఆ మాట ఆమె భాషలోకి మార్చి చెప్పాడు. ఆమె తలెత్తింది.

"ఆ చోటు నేను చూడలేదు," అంది. "ఎక్కడని అనుకోను?"

అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తినేది. రాత్రి పక్కన పడుకుంటే ఆమె కళ్ళు తెరుచుకునే ఉండేవి. దూసూ కూడా వచ్చి దూరంగా కూర్చునేది. కానీ అందరిలా దీవెన అనేది కాదు. పెదవులు బిగించుకుని నేల చూసేది.

ఒక మధ్యాహ్నం, ఇంకా ఆడవాళ్ళు వాకిట్లో ఉండగానే, లవీనియా లేచింది. రోటి పక్కనున్న రోకలి తీసుకుంది. గోడకు ఆనించిన పాత తలుపు చెక్కను ఈడ్చి నేల మీద పడుకోబెట్టింది. రోకలి మా ఆయన చేతికిచ్చి, అరచేత్తో చెక్క మీద ఒక దరువు వేసి చూపించింది. ఇలా కొట్టమంది.

మా ఆయన జెంబే తేనా అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వాళ్ళ పాతతరం వాళ్ళు బానిసలుగా ఉన్నప్పుడు దొరలు డోళ్ళన్నీ లాగేసుకున్నారట. తర్వాత చర్చిలో చీపురుకర్రతో నేల మీద కొట్టుకునేవాళ్ళట. కర్రే కావాలంది.

ఆయన కొట్టాడు. రెండుసార్లు తడబడ్డాడు. మూడోసారికి ఆయన ముఖం మారింది. నా వైపు చూశాడు. పెద్ద డోలు మీద ఎడమచేత్తో వేసే దరువు అది. తర్వాత నాకు చెప్పాడు, పుట్టినప్పటి నుంచి చేతిలో ఉన్నదాన్ని ఎవరో బయటినుంచి తెచ్చి ఇచ్చినట్టయిందని.

లవీనియా వాకిలి మధ్యకు వెళ్ళింది. నడుము దగ్గర కొంచెం ముందుకు వంగింది. వీపు బల్లలా ఉంది. మోచేతులు మడిచి దగ్గరగా పెట్టుకుంది. అప్పుడు కదిలింది. కుడివైపు నుంచి ఎడమకి, గుండ్రంగా. పాదాలు నేల వదల్లేదు. ఒకదాన్నొకటి దాటలేదు. మడమ ముందుకు జరిగి ఆగడం, మొత్తం ఒళ్ళు చిన్నగా అదరడం, రెండో పాదం వచ్చి చేరడం. చేటలో బియ్యం చెరుగుతున్నట్టు మట్టి మీద చప్పుడు. గొంతులో ఏదో పాట, మాటలు పూర్తిగా విడిపోని పాట.

ఎగిరినప్పుడు కర్రలా ఉండే మనిషే. ఇప్పుడు ఆ ఒంట్లో ఒక్క ఎముక కూడా బిగుసుకుని లేదు. లెక్కపెట్టుకోవడం లేదు. నా పక్కనున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సంతాపానికి వచ్చిన చోట ఎటు చూడాలో తెలియలేదు.

దూసూ గొంతు తగ్గించి, "ఆపమను తమ్ముడూ," అంది. "చావుకబురు వచ్చిన ఇంట్లో ఈ చిందులేంటి?"

మా ఆయన అడిగాడు. లవీనియా ఆగకుండానే జవాబిచ్చింది. ఆయన మాకు చెప్పాడు: "ఇది డాన్స్ కాదంటోంది. కాలు నేల వదిలితే డాన్స్. కాలు కాలును దాటితే డాన్స్. డాన్స్ చర్చిలో చెయ్యకూడదట. ఇది వాళ్ళ ముసలివాళ్ళు ప్రార్థన అయ్యాక తిరిగేదట. దీన్ని నేనెప్పుడూ నాట్యమనుకోలేదంటోంది."

అప్పుడే వెనక గదిలోంచి పెద్దత్త బయటికొచ్చింది.

పెద్దత్త అంటే మా అత్తగారి అక్క, నాన్యలేన్. ఊళ్ళో అందరికంటే పెద్దది. కళ్ళు రెండూ తెల్లబడిపోయి ఏళ్ళయింది. స్నానానికి వెళ్ళాలన్నా నా భుజం పట్టుకునేది. ఆ రోజు ఎవరినీ పిలవలేదు. గోడ తడుముకుంటూ వాకిలి దాకా వచ్చి, తల పక్కకు వంచి వింది.

"ఎవరే ఆ అడుగు వేసేది?"

"మా అక్క లవీనియా, అత్తా," అన్నాను.

"కాదు. అది మా నాయనమ్మ అడుగు."

ఆమె గోడ వదిలేసింది. నేను పట్టుకోబోతే చెయ్యి తోసేసింది. చప్పుడు వైపు నడిచి, లవీనియా తన ముందు నుంచి వెళ్తుండగా ఆమె వీపు మీద అరచేయి వేసింది. వేసి, వెనకే కదిలింది. మడమ ముందుకు, ఒళ్ళు చిన్నగా అదరడం, రెండో పాదం చేరడం. ఎవరూ నేర్పలేదు. ఒక చుట్టు తిరిగేసరికి రెండు జతల పాదాల చప్పుడు ఒకటే అయింది. లవీనియా పాట ఎత్తుకున్నచోట పెద్దత్త కింది స్వరంలో అందుకుంది. మాటలు వేరు. దారి ఒకటే.

కర్ర కొడుతున్న మా ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తిరుగుతూనే చెప్పింది పెద్దత్త. ఆయాసంతో, ముక్కలు ముక్కలుగా చెప్పింది. తన చిన్నతనంలో నాయనమ్మా, ఆ వయసు ఆడవాళ్ళూ రోలు మధ్యలో పెట్టుకుని ఇలా నడిచేవాళ్ళట. తర్వాత పెద్దలు పాత పద్ధతులు వద్దన్నారు, పడుచువాళ్ళకు ఎగిరే నాట్యాలు నచ్చాయి. ఇది ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

"ఎవరికోసం నడిచేవాళ్ళు అత్తా?" అని అడిగాను.

"ఒళ్ళు ఇంటికి రానివాళ్ళకోసం," అంది. "నదిలో పోయినవాళ్ళు. యుద్ధంలో పోయినవాళ్ళు. పట్టుకుపోతే తిరిగిరానివాళ్ళు. సమాధి లేదు కదా, ఎక్కడికెళ్ళి ఏడుస్తాం? అందుకని వాళ్ళకి దారి గీస్తాం. కాలెత్తితే దారి తెగిపోతుంది."

మా ఆయన దాన్ని లవీనియా భాషలోకి మార్చడం మొదలుపెట్టి, పట్టుకుపోయినవాళ్ళ దగ్గర ఆగిపోయాడు. ఆమె మళ్ళీ అడిగింది. చెప్పాడు. లవీనియా అడుగు అప్పుడు తడబడింది. వీపు మీద ముసలిచెయ్యి నెడితే మళ్ళీ కదిలింది. కొంతసేపటికి నెమ్మదిగా మాట్లాడింది. వాళ్ళ దీవిలో ముసలివాళ్ళు చెప్పేవాళ్ళట, మొదట ఓడల్లో వచ్చినవాళ్ళకి తమ అమ్మానాన్నలు ఎప్పుడు పోయారో తెలియదని. కబురు వచ్చే దారి లేదు. అందుకని ఏడాదికోసారి, పోయినా పోకపోయినా, ఇంటి దగ్గర వదిలొచ్చిన అందరికీ కలిపి ఇలా తిరిగేవాళ్ళట.

ఇక్కడివాళ్ళు వాళ్ళకోసం నడిచారు. అక్కడివాళ్ళు వీళ్ళకోసం నడిచారు. మధ్యలో అంత సముద్రం. ఒకరు నడుస్తున్నట్టు ఒకరికి తెలియదు. ఎన్ని తరాలో. నేను అది ఆలోచిస్తూ కింద కూర్చుండిపోయాను. అందుకే దూసూ లేవడం నేను చూడలేదు. చూసేసరికి ఆమె చెప్పులు విడిచి వలయంలోకి వెళ్ళిపోయింది.

గాలిలోకి లేచే దూసూకి నేల మీద ఉండటం రాలేదు. మడమ లేస్తోంది. లేచినప్పుడల్లా గట్టిగా నొక్కిపెడుతోంది, పాదం కాదు, లోపలిదేదో పైకి వస్తుంటే నొక్కిపెడుతున్నట్టు. పెద్దత్తకు చప్పుడులో తేడా తెలిసింది.

"ఎవరికోసం నడుస్తున్నావో పేరు చెప్పు," అంది.

దూసూ ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో చెప్పింది. "ఫదూబా."

ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో. చాపల మీదున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. గనుల్లో మట్టి కూలి మొగుడు దొరకని మనిషి ఉంది మాలో. వరదలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నది ఉంది. ఎవరి పేరు వాళ్ళు చెప్పుకుంటూ వచ్చి చేరారు. లవీనియా ఐడెల్లా పేరు చెప్పింది. దాని తర్వాత, నాకు అర్థంకాని పేర్లు వరసగా చాలా చెప్పింది. నేనూ లేచాను. నాకు అలా పోయినవాళ్ళు ఎవరూ లేరు. అయినా బయట కూర్చోలేకపోయాను. లోపలికి అడుగుపెట్టగానే కింద నేల కదులుతున్నట్టనిపించింది. అంతమంది పాదాలు ఒక్కసారి ఈడుస్తుంటే వచ్చే అదురు మోకాళ్ళ దాకా పాకింది. దుమ్ము తొడల ఎత్తు లేచింది.

లవీనియా పాట అయిపోయింది. ఆమె ఆగబోయింది.

"ఏంటి ఆగింది?" అంది పెద్దత్త.

"మాకు ఇంతే," అని చెప్పింది లవీనియా. "పాటైపోతే ఆగిపోతాం. ఇంటికెళ్తాం."

పెద్దత్త నిలబడిపోయింది. "ముగించకుండానా?" అంది. "ఇన్నాళ్ళూ తిరుగుతూనే ఉన్నారా, తల్లీ?"

ఆమె లవీనియా చెయ్యి పట్టుకుని వలయాన్ని విప్పింది. ఒకరి వెనక ఒకరుగా వాకిలి దాటించి నది వైపు నడిపించింది. కళ్ళులేని మనిషి దారి తీస్తుంటే మేం వెనక వెళ్ళాం. ఇంకా కాళ్ళు ఎత్తకుండానే. రేవు దగ్గర నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగమంది. పాదాల మట్టి కడగమంది. "ఇక్కడిదాకే మనం. ఇక వాళ్ళే వెళ్తారు. వెనక్కి చూడకుండా వచ్చెయ్యండి," అంది. లవీనియా నీళ్ళలో నిలబడి అప్పుడు ఏడ్చింది. దూసూ ఆమెను పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ఎవరు ఎవరికి ఊతమో చెప్పలేం.

ఈ సంగతి ఇమాం చెవిన పడింది. ఆయన వచ్చి ఏం చేశారని అడిగాడు. నడిచామంది దూసూ. ఆయన కాసేపు గడ్డం దువ్వుకుని, నడవడం తప్పని ఎక్కడా చదవలేదన్నాడు. ఆ శుక్రవారం దూసూ గంజి కాచి పిల్లలకు పంచింది. ఫదూబా పేర ప్రార్థన జరిగింది. అది అయ్యాక ఆమె సాయంత్రం దాకా నిద్రపోయింది. అలా పట్టపగలు ఆమె పడుకోగా నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత పాఠాలు తిరగబడ్డాయి. దూసూ శిష్యురాలు, లవీనియా పంతులమ్మ. దూసూ మడమ లేచినప్పుడల్లా లవీనియా రోకలితో చెక్క మీద కొట్టి, "అలసందల పొట్టా, నేల మీద ఉండు," అనేది. ఎగిరే నాట్యం లవీనియాకు చివరిదాకా రాలేదు. వెళ్ళేముందు జరిగిన పెళ్ళిలో మళ్ళీ ఎగిరి మళ్ళీ తూలింది. మేం మళ్ళీ నవ్వాం. ఈసారి ఆమె మా అందరికంటే ఎక్కువసేపు నవ్వింది.

వానలు పడకముందే వెళ్ళిపోయింది. కొన్ని నెలల తర్వాత మా ఆయన పట్నం నుంచి ఆమెతో ఫోన్‌లో మాట్లాడి వచ్చాడు. ఆ నడకని నీళ్ళ దాకా తీసుకెళ్ళి ముగిద్దామని ఆమె అంటే దీవిలో పెద్దవాళ్ళు మొదట ఒప్పుకోలేదట. మన పెద్దలు ఎన్నడూ తలుపు దాటలేదు, మనమెందుకు దాటాలి అన్నారట. చాలా వాదనలయ్యాయట. ఆఖరికి ఒక ఆదివారం ఎవరో లేచి చర్చి తలుపు బార్లా తెరిచారు. అందరూ ఒకరి వెనక ఒకరు సముద్రం దాకా వెళ్ళి నీళ్ళలో దిగారట. ఒక ముసలాయన చాలాసేపు పైకి రానన్నాడట.

పెద్దత్త గదిలో చీకట్లో పడుకుని ఇదంతా వింది. మళ్ళీ మొదటినుంచి చెప్పించుకుంది. నిద్రపోయిందనుకుని నేను లేవబోయాను.

"ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయట కదా?" అంది.

"ఉప్పగానే ఉంటాయట అత్తా."

"తర్వాత మంచినీళ్ళతో మళ్ళీ కడుక్కోమని చెప్పు. కాళ్ళు దురద పెడతాయి."